ఆరో నిమిషంలో మనిషి

మా సినిమాలో మగవాళ్ళెవరూ లేరు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఒక అమ్మాయి, ఒక దెయ్యం, ఒక పాత ఇల్లు, అంతే. అమ్మాయి వేషం మా క్లాసులో పిల్లే వేసింది. దెయ్యం మా డైరెక్టరుకు పిన్ని కూతురు. నాలుగు రోజుల షూటింగులో రెండు డబ్బాల పౌడరు ఆ పిల్ల మొహానికే అయిపోయింది. పాత ఇల్లు మాది. పన్నెండు నిమిషాల్లో జనం జడుసుకోవాలి, ఆ ఇంట్లో ఇదివరకు జరిగిన హత్య ఎవరు చేశారో కూడా తేలిపోవాలి.

తీసింది నలుగురం. షూటింగులో మైకు పట్టుకోవడం, ఆ తర్వాత ముక్కలన్నీ కూర్చి సినిమా చేయడం నా వంతు. మా డైరెక్టరును హడావిడి అంటాం. ఆ పేరు మేం పెట్టింది కాదు, వాళ్ళమ్మే పెట్టింది.

మా ఎడిటింగ్ మాస్టారికి ఒక పద్ధతి ఉంది. మొదటి కూర్పు కాగానే కాలేజీలో చిన్న హాల్లో సినిమా వేస్తారు. దాని గురించి ఒక్క ముక్క తెలియనివాళ్ళను పిలుస్తారు. లైబ్రరీలో చదువుకునేవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు, క్యాంటీన్లో పనిచేసేవాళ్ళు. తలా ఒక చీటీ ఇస్తారు. దాని మీద మూడు ప్రశ్నలు: ఎక్కడ భయం వేసింది, ఎక్కడ విసుగొచ్చింది, ఏది అర్థం కాలేదు. పేరు రాయనక్కర్లేదు. ఆ చీటీలు ఎడిటరు చేతికి వస్తాయి. ఒక్కో చీటీ కింద ఎర్ర సిరాతో జవాబు రాయాలి. మార్చాను, లేదా మార్చను, ఎందుకంటే ఇదీ కారణం. జవాబు లేని చీటీ ఒక్కటున్నా మాస్టారు ఫైలు ముట్టుకోరు. “బతిమాలి కూర్చోబెట్టావు, వాళ్ళు చూశారు. వాళ్ళు చెప్పింది వినే ఓపిక నీకు లేకపోతే ఎలా?” అంటారు.

మాకు ముప్పై నాలుగు చీటీలు వచ్చాయి. విసుగొచ్చిన చోట దాదాపు అందరూ దెయ్యాన్నే రాశారు. పౌడరు కాస్త తగ్గిస్తే బాగుంటుందని ఎవరో సలహా కూడా ఇచ్చారు. అదంతా నేను అనుకున్నదే. అనుకోనిది మొదటి ప్రశ్న దగ్గర ఉంది. ఇరవై రెండు మంది ఒకే సంగతి రాశారు. వంటగదిలో అమ్మాయి గిన్నె కడుగుతుంటే వెనకాల గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి గుండె జారిపోయిందట. అతను మన వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తుండటం ఇంకా భయంగా ఉందని ఒకరు, చేతిలో మెరిసింది కత్తే అయి ఉంటుందని ఇంకొకరు.

“ఏ మనిషి?” అన్నాడు హడావిడి. “మన సినిమాలో మనిషెక్కడున్నాడు? ఎవరో మనల్ని ఆటపట్టిస్తున్నారు.”

ఇరవై రెండు మంది కూడబలుక్కుని ఆటపట్టించరు కదా అని మాస్టారు సినిమా మళ్ళీ పెట్టారు. ఆరో నిమిషం దగ్గర ఆపారు. ముందు అమ్మాయి, కుళాయి, గిన్నె. వెనక చీకటిగా గుమ్మం. ఆ చీకట్లో, తలుపు చెక్కకు అరచేతి దూరంలో, కదలకుండా ఒక మనిషి. చేతిలో ఏదో సన్నగా మెరుస్తోంది. నిజంగానే ఒళ్ళు జలదరించింది.

“ఎవరమ్మా ఈయన?” అన్నారు మాస్టారు.

“మా నాన్న, సార్,” అన్నాను.

ఆ షాటు నేను తక్కువలో తక్కువ రెండొందల సార్లు చూసి ఉంటాను. కుళాయి చప్పుడు ఎక్కడ తెగాలి, అమ్మాయి తల ఎప్పుడు తిప్పాలి అని కూర్చుని సెకనులో ఇరవై నాలుగో వంతు దగ్గర కూడా తల బద్దలుకొట్టుకున్నాను. నాన్న కనబడలేదు. నాకే కాదు, కెమెరా పట్టినవాడికీ, హడావిడికీ కూడా కనబడలేదు. నాలుగు రోజులు మా ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా గుమ్మంలో ఆయన ఉండేవాడు. గోడకు గడియారం ఉన్నట్టు ఉండేవాడు. రెండో రోజుకే ఎవరి కంటికీ ఆనడం మానేశాడు.

నాన్న గురించి చెప్పాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్తే చాలు. ఒక ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు బంట్రోతు. పెద్ద ఆఫీసరు గది తలుపు పక్కన నిలబడటం పని. గంట ఒకసారి మోగితే ఫైలు, రెండుసార్లు మోగితే మంచినీళ్ళు, ఆగకుండా మోగితే ఆఫీసరుకు కోపం వచ్చిందని అర్థం. తలుపు పక్కన స్టూలు ఉండేది కానీ ఆఫీసరు లోపలున్నంతసేపూ నాన్న దాని మీద కూర్చునేవాడు కాదు. పదకొండు మంది ఆఫీసర్లు మారారు, స్టూలు రెండుసార్లు మారింది, నాన్న మారలేదు. లోపలికి వెళ్ళేవాడి భుజం తగలకూడదు, లోపల్నించి పిలిచినవాడు రెండోసారి పిలవకూడదు. ఆ రెండిటికీ మధ్య ఉన్న జానెడు చోటు ఆయనకు కొట్టిన పిండి. “పిలిస్తే అందాలి, పిలవకపోతే కనబడకూడదు. అదే నా ఉద్యోగం,” అని అప్పుడప్పుడూ చెప్పేవాడు. గొప్పలు చెప్పుకోవడం తెలియని మనిషి చెప్పుకున్న గొప్ప అదొక్కటే. రిటైరైన రోజు ఆఫీసు మెట్ల మీద గ్రూపు ఫొటో తీశారు. అందులో నాన్న భుజం, చెవి పడ్డాయి.

రిటైరయ్యాక ఆ నిలబడటం ఇంటికి తెచ్చాడు. అమ్మ మందుల షాపులో పని ముగించుకుని వచ్చి వంట చేస్తుంటే వంటింటి గుమ్మంలో, నేను చదువుకుంటుంటే నా గది గుమ్మంలో. ఏమైనా కావాలా అని అడగడు, వెళ్ళిపోడు. అమ్మ మొదట్లో విసుక్కునేది. “కూర్చోవయ్యా మహానుభావా, ఇక్కడ గంట కొట్టేవాళ్ళెవరూ లేరు,” అనేది. తర్వాత తర్వాత అనడం కూడా మానేసింది.

మాస్టారు ప్రొజెక్టరు ఆపి మా వైపు తిరిగారు. “దెయ్యానికి అంత పౌడరు పూశారు, ఒక్కడు భయపడలేదు. ఈయన ఊరికే నిలబడ్డాడు, ఇరవై రెండు మంది హడలిపోయారు. మీ సినిమా ఎక్కడుందో వాళ్ళే చెప్పారు. పది రోజుల్లో మళ్ళీ కూర్చి తీసుకురండి. ఇప్పుడున్నదానికైతే పాస్ మార్కులు వేయలేను.”

ఇంటికి వెళ్ళేసరికి నాన్న నా గది గుమ్మంలో ఉన్నాడు. సంచీ దించుతూనే చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నాన్న మొహం పాలిపోయింది.

“అడ్డం వచ్చానా తల్లీ?” అన్నాడు.

“అడ్డం కాదు నాన్నా. కెమెరాలో పడ్డావు, అంతే. జనానికి తెగ నచ్చింది. భయపడ్డారు.”

“నన్ను చూసి భయపడ్డారా?”

“సినిమాలో, నాన్నా.”

“ముప్పై ఒక్క ఏళ్ళు ఆ తలుపు దగ్గర నిలబడ్డానే. ఒక్కరు కూడా జడుసుకోలేదు.” గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. “పక్కకే ఉన్నాననుకున్నాను. ఎంత పని చేశాను చూడు. తీసేయమ్మా. నావల్ల మీ పని చెడకూడదు.”

“చూస్తాలే,” అన్నాను. ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డ మనిషికి చూస్తాలే అంటే ఏమిటో నేను చెప్పాలా? వెళ్ళి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

నా ఇరకాటం అదీ. తీసేస్తే సినిమా లేదు, నా మార్కులూ లేవు. ఉంచితే నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు దాచుకున్న ఒకే ఒక్క గొప్పను నేను తీసుకెళ్ళి తెర మీద వేసి, చూడండి ఈయన అడ్డం వచ్చాడు అని చూపించినట్టు. 

హడావిడికి ఇవేం పట్టలేదు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. “అంకుల్ని పెట్టి కొత్తగా తీద్దాం. చేతిలో నిజం కత్తే పెడదాం. హంతకుడు ఆయనే. కథ ముడి వీడిపోయింది,” అన్నాడు. అప్పుడు నాన్న ఒక మాట అన్నాడు. “మీరు అడిగి నిలబడమంటే నిలబడతాను సార్. అది పని. అడగకుండా పడింది మాత్రం తీసేయండి.” హడావిడి చేతిలో స్క్రిప్టు కాగితాలు ఉన్నాయి. కాగితాలు పట్టుకున్న ప్రతి మనిషినీ నాన్న సార్ అనే అంటాడు.

మరుసటి ఉదయం కిటికీలకు మళ్ళీ దుప్పట్లు కట్టి పట్టపగలు రాత్రి చేశాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. కత్తి ఇస్తే పిడి మన వైపు ఉండేలా తిప్పి పట్టుకున్నాడు, ఎవరికైనా అందించడానికన్నట్టు. కెమెరా వైపు చూసి మర్యాదగా నవ్వాడు.

“అంకుల్, నవ్వకండి. ఊరికే నిలబడండి.”

“ఊరికే నిలబడటమంటే ఎలా సార్?” అన్నాడు నాన్న నిజంగానే అర్థంకాక. “ఏదన్నా పనుంటే చెప్పండి, దాని కోసం నిలబడతాను.”

పదిహేడు టేకులు తీశాం. ఒక్కదానిలోనూ భయం వేయలేదు. ఫొటో స్టూడియోలో నిలబెట్టిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. నాన్నకే మా మీద జాలేసినట్టుంది. టీ పెట్టమంటారా అని అడిగాడు.

ఇంక మిగిలిన దారి ఒక్కటే. ఆ నాలుగు రోజుల్లో తెలియకుండా ఎక్కడెక్కడ పడ్డాడో వెతకడం. కాలేజీ ఎడిటింగ్ గదిలో కూర్చుని మొత్తం పద్నాలుగు గంటల ఫుటేజీ మొదటి నుంచీ, ఒక్కో ముక్కా కట్ అనే మాట దాకా, చూశాను. ఈసారి అమ్మాయిని చూడలేదు, దెయ్యాన్ని చూడలేదు, గుమ్మాలను మాత్రమే చూశాను. పదకొండు చోట్ల దొరికాడు. నడవ చివర ఒకసారి, అద్దం అంచున ఒకసారి, కిటికీకి కట్టిన దుప్పటి మీద నీడగా ఒకసారి. చీకటి తగ్గించి, వెలుతురు పెంచి చూస్తే ప్రతి చోటా చేతిలో ఏదో ఒకటి ఉంది. ఒకచోట కుర్చీ. అమ్మాయి అప్పటికి రెండు గంటలుగా నిలబడే ఉంది. ఒకచోట తువ్వాలు, దెయ్యం పిల్ల మొహం కడుక్కునే ముందు. ఒకచోట టార్చి, కెమెరా పట్టినవాడు ఏదో స్క్రూ పడేసుకుని నేల తడుముతున్నప్పుడు.

ఆఖరుకు ఆరో నిమిషం షాటు తెరిచాను. అసలు ముక్క ఏడు నిమిషాలు. హడావిడి కెమెరా ఆపకుండా వరసగా మూడు టేకులు తీయించాడు. వెలుతురు పెంచాను. నాన్న చేతిలో కత్తి లేదు. మంచినీళ్ళ గ్లాసు. స్టీలుది, నిండుగా ఉంది. ఆ గ్లాసు పట్టుకుని ఏడు నిమిషాలూ అలాగే ఉన్నాడు. చూస్తున్నది కెమెరా పక్కకు. కెమెరా పక్కన మైకు పట్టుకుని నిలబడింది నేను.

సౌండు పెట్టి విన్నాను. దగ్గు. ఆ రోజు నాకు విపరీతంగా దగ్గు. మైకు పట్టుకున్నదానికే దగ్గొస్తే ఎలాగని హడావిడి తిట్టడం కూడా రికార్డయింది. ఆ దగ్గంతా సౌండులోంచి శుభ్రంగా తుడిచేసింది నేనే. రెండు మధ్యాహ్నాలు కూర్చుని, ఒక్కో దగ్గునూ వెతికి మరీ తీసేశాను. నాన్న అక్కడికి ఎందుకొచ్చాడో సినిమాలో ఎవరికీ తెలియకుండా చేసింది నేనే. సిగ్గేసింది. ఎడిటింగ్ గదిలో ఎవరూ లేకపోవడం మంచిదైంది.

కొత్త కూర్పులో దెయ్యాన్ని పూర్తిగా తీసేశాను. ఆ పిల్ల ఇప్పటికీ నాతో మాట్లాడదు. పదకొండులో ఎనిమిది చోట్ల నాన్నను ఉంచాను, చీకట్లోనే, ఎవరో తెలియకుండా. అమ్మాయి ఒక్కో గదీ మారుతుంది, ప్రతి గుమ్మంలో అతను ఉంటాడు. చివరి నిమిషంలో ఆ వంటగది షాటే మళ్ళీ వేశాను. ఈసారి దగ్గు ఉంచాను. వెలుతురు కొద్దికొద్దిగా పెరుగుతుంది, చేతిలో ఉన్నదేమిటో కనబడుతుంది, తెర ఆరిపోతుంది. మొదటి కథలోని హత్య సంగతి ఎటుపోయిందో నన్నడగొద్దు. ఎవరికీ అది గుర్తు లేదు.

హడావిడి ఒప్పుకోలేదు. “గ్లాసు చూపిస్తే భయమంతా పోతుంది కదే. కత్తే అనుకోనీ.”

“ఆరో నిమిషంలో భయపడతారుగా. అది చాలు.”

“చాలని నువ్వెలా చెప్తావ్?”

“మౌసు నా చేతిలో ఉంది కాబట్టి,” అన్నాను. రెండు రోజులు అలిగి మూడో రోజు వచ్చాడు. హడావిడికి అలక కూడా తొందరగానే అయిపోతుంది.

నాన్నకు మాత్రం చెప్పలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది. “ఆయన్ని ఉంచావా, తీశావా? ఆ మనిషి సరిగ్గా తినట్లేదు. ఏదో ఒకటి చెప్పి చావు.” చెప్తాలే అన్నాను. పదో రోజు మధ్యాహ్నం మూడింటికి రెండో ప్రదర్శన. అమ్మే షాపులో సెలవు పెట్టి నాన్నను వెంటబెట్టుకొచ్చింది.

వెనక వరసలో వాళ్ళకు కుర్చీలు ఉంచాను. అమ్మ కూర్చుంది. నాన్న హాలు తలుపు పక్కన నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు తలుపు తీసి, చప్పుడు కాకుండా మూశాడు. దీపాలు ఆర్పారు. నేను తెర వంక చూడలేదు. తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను, కానీ చీకట్లో మనిషి ఆకారం తప్ప మొహం తెలియలేదు. రెండో నిమిషంలో ఎవరో ఊపిరి బిగబట్టారు. ఆరో నిమిషంలో ముందు వరసలో అమ్మాయి కెవ్వుమంది. తలుపు దగ్గరి ఆకారం కదల్లేదు. చివర్న నా దగ్గు హాలంతా వినిపించింది. తెర మీద వెలుతురు పెరిగింది. “నీళ్ళా?” అన్నారు ఎవరో చిన్నగా.

దీపాలు వేశాక ఒక చిత్రం జరిగింది. జనం లేచి వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర అతనే ఉన్నాడు. ముందున్నవాళ్ళు టక్కున ఆగిపోయారు. నాన్న తలుపు తీసి పట్టుకుని, వెళ్ళండన్నట్టు పక్కకు జరిగాడు. వాళ్ళు ఆయన్ని వెళ్ళనివ్వాలని పక్కకు జరిగారు. ఎవరూ కదలరు. చివరికి మాస్టారే వచ్చి చీటీలు పంచి అందర్నీ మళ్ళీ కూర్చోబెట్టారు. నాన్నకూ ఒకటి ఇచ్చారు. కాగితం ఇస్తే పుచ్చుకోకుండా ఉండటం నాన్నకు తెలియదు. గోడకు ఆనించి, నిలబడే రాశాడు.

ఇంటికి నడుస్తుంటే అమ్మ ముందు వెళ్ళింది. నాన్న ఒక అడుగు వెనగ్గా నా పక్కన నడిచాడు.

“తీసేస్తావనుకున్నాను,” అన్నాడు.

“తీయలేదు నాన్నా.”

“ఊఁ.” ఇంకో పది అడుగులు వేశాక అడిగాడు. “అడ్డం రాలేదు కదా?”

“లేదు,” అన్నాను. ఇంకా చాలా చెప్పాల్సింది.

మర్నాడు ఎర్ర సిరా పెన్ను పట్టుకుని చీటీల ముందు కూర్చున్నాను. నలభై ఒకటి. భయం వేసిన చోట్లు ఎక్కువ, విసుగు తక్కువ, హత్య ఎవరు చేశారని అడిగినవాళ్ళు ఇద్దరే. వరసగా జవాబులు రాసుకుంటూ వచ్చాను. అడుగున ఉన్న చీటీలో అక్షరాలు నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. పాత ఫైళ్ళ అట్టల మీద అలా రాస్తారు. పేరు లేదు. ఎక్కడ భయం వేసింది: వేయలేదు. ఎక్కడ విసుగొచ్చింది: రాలేదు. ఏది అర్థం కాలేదు: అంతసేపు గ్లాసు పట్టుకుని నిలబడితే ఎవరూ ఎందుకు తీసుకోలేదో అర్థం కాలేదు.

జవాబు రాయకుండా ఫైలు ఇవ్వడానికి లేదు. తీసుకున్న షాటు ఎక్కడైనా ఉందేమోనని ఆ ఏడు నిమిషాల ముక్క మళ్ళీ పెట్టాను. హడావిడి కట్ అన్నాక కూడా కెమెరా తొమ్మిది సెకన్లు నడిచింది. ఆ తొమ్మిది సెకన్లు నేనెప్పుడూ చూడలేదు. కట్ తర్వాత ఏముంటుంది, చూడటానికి? చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్ళు చేతిలోని రికార్డరు మీద, నేను దగ్గుకుంటూ ఫ్రేములోకి వస్తాను. తిన్నగా ఆ గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోతాను. నాన్న గ్లాసు కొంచెం ముందుకు చాపుతాడు. నేను ఆగకపోయేసరికి, నా భుజానికి తగలకుండా గ్లాసును గుండెల దగ్గరికి లాక్కుని నాకు దారి ఇస్తాడు.

చీటీ కింద ఇలా రాశాను: మార్చలేను. తీసుకున్న షాటు లేదు. ఆ నీళ్ళు నా కోసం. నేను చూడలేదు.

మాస్టారు ఫైలు తిరగేశారు. ఆ చీటీ దగ్గర కాస్త ఆగారు. నలభై ఒక్క జవాబులూ ఉన్నాయని లెక్కపెట్టుకుని సంతకం పెట్టారు.